విమానాన్ని వదిలే సంతకం

రాత్రి పదకొండింటికి దిగిన విమానం తెల్లవారి ఐదున్నరకు మళ్ళీ లేవాలి. ఈలోగా టార్చిలైటు పట్టుకుని దాని చుట్టూ తిరిగే మనిషి ఒకరుంటారు. విమానం దించిన పైలట్ టెక్ లాగ్ అనే పుస్తకంలో రాసి వెళ్ళిన ఫిర్యాదు ఆయన చేతిలో ఉంటుంది. హ్యాంగర్ భాషలో దాన్ని స్నాగ్ అంటారు. ఎడమ చక్రం బ్రేకు వేడెక్కుతోందనో, ఫలానా హెచ్చరిక దీపం ఆరడం లేదనో అందులో ఉంటుంది. పక్క గడిలో ఈయన జవాబు రాయాలి. ఏ భాగం తీశాడు, ఏ పార్ట్ నంబరుది వేశాడు, మాన్యువల్‌లో ఏ అధ్యాయం ప్రకారం చేశాడు, పరీక్షిస్తే ఏం తేలింది, అన్నీ రాయాలి. దాని కింద సంతకం, ఆథరైజేషన్ నంబరు, తేదీ, సమయం. ఆ గడి ఖాళీగా ఉంటే కెప్టెన్ విమానం తీసుకోడు.

సంతకం పక్కన ముందే అచ్చయి ఉండే వాక్యం సారాంశం ఇది: రాసిన పని నిబంధనల ప్రకారం జరిగింది, ఆ పని మేరకు విమానం సర్వీసుకు సిద్ధంగా ఉంది. దీని పేరు సర్టిఫికెట్ ఆఫ్ రిలీజ్ టు సర్వీస్. వాడుకలో సీఆర్ఎస్, ఇంకా పొట్టిగా ‘రిలీజ్’. ఆ సంతకం పెట్టే అర్హత లైసెన్సున్న ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరుకు, అంటే ఏఎంఈకి ఉంటుంది. పైలట్ పేరు మనకు మైకులో వినిపిస్తుంది. ఈయన పేరు ప్రయాణికులెవరికీ తెలియదు. ఏదైనా జరిగితే దర్యాప్తు వాళ్ళు మొదట తెరిచే పేజీ మాత్రం ఈయన సంతకం ఉన్నదే.

ఇంజను కనిపెట్టిన వాళ్ళ గురించి, రెక్క కనిపెట్టిన వాళ్ళ గురించి చాలా రాశారు. ఈ సంతకం కూడా ఒక ఆవిష్కరణే. దీన్ని ఎవరో ఒక్కరు కూర్చుని కనిపెట్టలేదు. ఒక యుద్ధం, ఒక చట్టం, కొన్ని పాడు రాత్రులు కలిసి దీనికి రూపం ఇచ్చాయి.

మొదట్లో దీని అవసరమే లేదు. 1903లో అమెరికాలోని డేటన్‌లో రైట్ సోదరుల సైకిల్ కొట్లో పనిచేసే చార్లీ టేలర్, లేత్ మిషను, డ్రిల్లు లాంటి మామూలు పనిముట్లతో ఆరు వారాల్లో 12 హార్స్‌పవర్ ఇంజను తయారుచేశాడు. ఆ డిసెంబరు 17న కిట్టీ హాక్‌లో ఎగిరింది ఆ ఇంజనుతోనే. బిగించింది టేలర్, ఎగిరింది రైట్ సోదరులు. ముగ్గురూ ఒకే కొట్లో పొద్దస్తమానం పనిచేసేవాళ్ళు. నట్టు సరిగ్గా పడిందా అని అడగాలంటే తల తిప్పి అడిగితే సరిపోయేది. కాగితం ఎందుకు?

1908 సెప్టెంబరు 17న ఆ లెక్క మారింది. ఫోర్ట్ మైయర్‌లో సైన్యం ఎదుట ఆర్విల్ రైట్ విమానం నడిపి చూపిస్తున్నాడు. పక్కన లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్‌రిడ్జ్ కూర్చున్నాడు. కొత్తగా బిగించిన పొడవాటి ప్రొపెల్లరు గాల్లోనే చీలింది. విమానం కూలి సెల్ఫ్‌రిడ్జ్ చనిపోయాడు. ఇంజనుతో ఎగిరే విమానంలో పోయిన మొదటి ప్రాణం అది. పోయింది ప్రయాణికుడు. యంత్రాన్ని బిగించిన వాళ్ళ మీద నమ్మకంతో ఎక్కినవాడు. ఆ నమ్మకానికి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న అప్పుడు మొదలైంది. జవాబు దొరకడానికి ఇంకో పదకొండేళ్ళు పట్టింది.

మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బ్రిటన్ 1913లోనే ఏరోనాటికల్ ఇన్‌స్పెక్షన్ డిపార్ట్‌మెంట్ పెట్టింది. ఆ శాఖ ఇన్‌స్పెక్టర్లు తనిఖీ చేసి ముద్ర వేసిన భాగాలే సైనిక విమానాల్లోకి వెళ్ళేవి. యుద్ధం ముగిశాక వేల విమానాలు మిగిలిపోయాయి, ఎగరడం తప్ప వేరే పని రాని కుర్ర పైలట్లూ మిగిలిపోయారు. 1919 మే 1న బ్రిటన్ పౌర విమానయానానికి అనుమతిచ్చింది. ఆగస్టు 25న లండన్ పక్కనున్న హౌన్‌స్లో నుంచి పారిస్‌కు రోజువారీ సర్వీసు మొదలైంది. ఊరూరా పచ్చికబయళ్ళలో డబ్బు తీసుకుని జనాన్ని కాసేపు గాల్లో తిప్పే పైలట్లు వెలిశారు. ప్రతి మైదానానికీ ప్రభుత్వ ఇన్‌స్పెక్టరును పంపడం అయ్యే పని కాదు. పోనీ యజమానినే చూసుకోమందామంటే, టికెట్టు డబ్బులు జేబులో వేసుకునేవాడే విమానం బాగుందని చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు?

అప్పుడు బ్రిటిష్ ఎయిర్ మినిస్ట్రీ పట్టుకున్న దారే ఈ కథకు ఆయువుపట్టు. ఇన్‌స్పెక్టరును పంపే బదులు, మైదానంలోనే ఉండే మెకానిక్కుకు పరీక్ష పెట్టి ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చింది. గ్రౌండ్ ఇంజినీర్ అని పేరు పెట్టింది. ప్రయాణికులను ఎక్కించుకునే విమానాన్ని అతను చూసి సంతకం చేస్తేనే ఎగరాలని నియమం పెట్టింది. జీతం ఇచ్చేది యజమాని, లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వం. ఈ రెండు తాళ్ళనూ వేర్వేరు చేతుల్లో పెట్టడంలోనే తెలివంతా ఉందని నేననుకుంటాను. యజమాని ఉద్యోగం తీసేయగలడు, సంతకం మాత్రం తానే పెట్టుకోలేడు. అదే ఏడాది అక్టోబరు 13న పారిస్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం, దేశాల మధ్య తిరిగే ప్రతి విమానానికీ ఎగరదగ్గ స్థితిలో ఉందన్న సర్టిఫికెట్ ఉండాలంది.

గ్రౌండ్ ఇంజినీర్ లైసెన్సులకు అక్షరాలతో పేర్లు పెట్టారు. ఎగిరే ముందు విమానం ఒడలు తనిఖీ చేసేవాడికి ఏ. అలాగే ఇంజను చూసేవాడికి సీ. విప్పి పూర్తిగా బాగుచేసిన ఒడలికి బీ, ఇంజనుకు డీ. దిక్సూచి, మీటర్ల లాంటి తక్కిన పరికరాలకు ఎక్స్. మన దేశంలో కూడా ఈ అక్షరాలే దశాబ్దాలపాటు నడిచాయి. పాతతరం ఏఎంఈలు ఇప్పటికీ తమ అర్హత ‘ఏ అండ్ సీ’ అని చెప్పుకుంటారు.

ఆ సీ లైసెన్సు సంపాదించినవాళ్ళలో ఒక టైపిస్టు ఉంది. హల్ పట్టణంలో పుట్టిన ఏమీ జాన్సన్ లండన్‌లో ఒక లాయరు ఆఫీసులో పనిచేస్తూ స్టాగ్ లేన్ మైదానంలో విమానం నడపడం నేర్చుకుంది. నడపడంతో తృప్తి పడలేదు. హ్యాంగరులోకి వెళ్ళి మెకానిక్కుల పక్కన చేరి, చేతులు నూనె చేసుకుని ఇంజను పని నేర్చుకుంది. 1929 డిసెంబరులో గ్రౌండ్ ఇంజినీర్ లైసెన్సు తెచ్చుకుంది. బ్రిటన్‌లో ఆ లైసెన్సు పొందిన మొదటి మహిళ ఆమే. 1930 మే 5న జిప్సీ మాత్ విమానంలో ఒంటరిగా ఆస్ట్రేలియాకు బయల్దేరి కరాచీ, ఝాన్సీ, అలహాబాద్, కలకత్తా మీదుగా వెళ్ళింది. రోజంతా ఎగిరి, దిగాక ఇంజను తానే చూసుకునేది. మనవాళ్ళు రంగం అని పిలుచుకున్న రంగూన్ దగ్గర ఇన్‌సేన్‌లో ఆట మైదానంలో దిగబోతే విమానం గుంటలో పడి రెక్క చిరిగింది. అక్కడి టెక్నికల్ స్కూలు వాళ్ళు సాయం చేశారు. యుద్ధంలో మిగిలిన విమానపు గుడ్డతో కుట్టిన చొక్కాలు ఊళ్ళో ఉంటే, వాటిని విప్పి రెక్కకు అతికించారు. మే 24న డార్విన్‌లో దిగింది.

మే 24 చార్లీ టేలర్ పుట్టినరోజు కూడా. ఆ రోజునే మెయింటెనెన్స్ ఇంజినీర్ల దినంగా జరుపుకుంటున్నారు. టేలర్ సొంత దేశం అమెరికా కాస్త ఆలస్యంగా మేలుకుంది. 1926 నాటి ఎయిర్ కామర్స్ చట్టం వచ్చాకే అక్కడ మెకానిక్కులకు లైసెన్సులు మొదలయ్యాయి. మొదటిది 1927 జులై 1న ఫ్రాంక్ గేట్స్ గార్డ్‌నర్‌కు ఇచ్చారు.

మన దేశంలో టాటా వారి తపాలా విమానం 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి బొంబాయికి ఎగిరింది. 1934లో ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం, 1937లో దాని నిబంధనలు వచ్చాయి. అందులో 61వ నిబంధన ఏఎంఈ లైసెన్సులది. బేగంపేట కేంద్రంగా 1945లో పుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానాలకు రిలీజ్ ఇచ్చిన ఇంజినీర్లు ఆ నిబంధన కిందే సంతకాలు పెట్టారు. 1953 జాతీయీకరణతో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఇంతవరకు కథ సాఫీగానే నడిచింది. చేయి తిరిగిన మనిషి, అతనికో లైసెన్సు, కింద సంతకం. ఆ మనిషి నిజాయతీగా పనిచేస్తే చాలనే నమ్మకం మీద డెబ్బై ఏళ్ళు గడిచాయి. ఆ నమ్మకం చాలదని తేల్చింది 1990 జూన్ 10.

ఆ ఉదయం బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి బీఏసీ వన్-ఎలెవెన్ విమానం బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మాలగాకు బయల్దేరింది. 81 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది. 17,300 అడుగులు చేరేసరికి కెప్టెన్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. లోపలి గాలి ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చి కెప్టెన్ టిమ్ లాంకాస్టర్‌ను నడుము దాకా కిటికీ బయటికి లాగేసింది. స్టీవర్డ్ నైజెల్ ఆగ్డెన్ పరిగెత్తుకొచ్చి ఆయన్ను గట్టిగా పట్టుకున్నాడు. కోపైలట్ అలస్టేర్ అచిసన్ ఆ హోరుగాలిలోనే విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. అందరూ బతికారు. చనిపోయాడనే అనుకున్న కెప్టెన్ కోలుకుని మళ్ళీ విమానం నడిపాడు.

ఆ అద్దాన్ని 27 గంటల ముందే మార్చారు. దాన్ని 90 బోల్టులు పట్టి ఉంచాలి. వాటిలో 84 బోల్టుల వ్యాసం ఉండాల్సిన దానికంటే 0.66 మిల్లీమీటరు తక్కువ. మిగతా ఆరూ లావు సరైనవే కానీ పొడవు రెండున్నర మిల్లీమీటర్లు తక్కువ.

ఇక్కడ దర్యాప్తు నివేదిక చదివినవాళ్ళకు గుండె బరువెక్కుతుంది. ఆ పని చేసింది కొత్త కుర్రాడు కాదు, ఎగ్గొట్టేవాడూ కాదు. ఆ రాత్రి షిఫ్టుకు మేనేజరే. మనుషులు తక్కువగా ఉన్నారు, తెల్లవారితే విమానాలు వెళ్ళాలి. అందుకని తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో తానే ఆ పనికి దిగాడు. పాత అద్దం నుంచి తీసిన బోల్టులు చేతిలో పట్టుకుని స్టోరుకు వెళ్ళాడు. ఆ పాతవి అసలే పొట్టివి, ముందు ఎవరో వేసినవి. ఇన్నాళ్ళూ బాగానే నిలిచాయి కదా, అవే వేద్దామనుకున్నాడు. వేరే నంబరువి వాడాలని స్టోరులో మనిషి చెప్పాడు కూడా. కావలసినన్ని అక్కడ లేకపోతే ఇంకో చోటున్న, ఎవరూ కాపలా లేని సామాన్ల ర్యాకు దగ్గరికి వెళ్ళాడు. వెలుతురు సరిగా లేదు, లేబుళ్ళు వెలిసిపోయాయి. పాత బోల్టునూ కొత్త బోల్టునూ పక్కపక్కన పెట్టి కంటితో పోల్చుకుని తెచ్చాడు. చదవడానికి వాడే కళ్ళద్దాలు ఆ సమయంలో పెట్టుకోలేదు. నిలబడే బల్ల పెట్టిన చోటు నుంచి ముక్కు మీదుగా వంగి చేతులు చాపి బిగించాల్సి రావడంతో, బోల్టు తల గుంటలో లోపలికి దిగిపోవడం ఆయనకు కనిపించలేదు. పని ముగించాడు. తానే తనిఖీ చేశాడు. తానే సంతకం పెట్టాడు.

నిబంధనలు దానికి ఒప్పుకున్నాయి. ఒక్క పొరపాటుతో విమానం పోయే ప్రమాదమున్న చోట్లను అప్పట్లో ‘వైటల్ పాయింట్లు’ అని గుర్తించి, వాటికి మాత్రం రెండో మనిషి తనిఖీ తప్పనిసరి చేశారు. కాక్‌పిట్ అద్దం ఆ జాబితాలో లేదు. అద్దం మార్చాక విమానాన్ని గాలితో నింపి ఒత్తిడి పరీక్ష చేయాలని మాన్యువల్ అడగలేదు. అద్దాన్ని లోపలి నుంచి బిగించే తీరులో రూపొందించి ఉంటే లోపలి గాలి ఒత్తిడే దాన్ని చట్రానికి అదిమిపెట్టేది. ఇది బయటి నుంచి బిగించేది, భారమంతా బోల్టుల మీదే. ఇన్ని తలుపులు తెరిచి ఉన్నప్పుడు ఒక్క మనిషిని వేలెత్తి చూపి ఊరుకోలేం. దర్యాప్తు వాళ్ళూ ఊరుకోలేదు. చేసినవాడే చూసి, చూసినవాడే సంతకం పెట్టే పద్ధతిని మళ్ళీ పరిశీలించాలన్నారు. కళ్ళద్దాలు రాసిచ్చిన ఇంజినీర్లు పనిలో అవి పెట్టుకునేలా చూడాలని కూడా సిఫారసు చేశారు. ఇది విని ఎవరైనా ఇంతేనా అనుకోవచ్చు. నాకైతే మొత్తం నివేదికలో అన్నిటికంటే మానవీయమైన వాక్యం అదే అనిపించింది. సంతకం పెట్టే చేతికి ఒక ఒళ్ళు ఉంటుందని, దానికి నిద్ర వస్తుందని, కళ్ళు మసకబారతాయని చట్టం గుర్తించడం అక్కడే కనిపిస్తుంది.

మరుసటి ఏడాది టెక్సాస్‌లో జరిగినదాంట్లో అదృష్టం కూడా తోడు రాలేదు. 1991 సెప్టెంబరు 11న ఈగల్ లేక్ దగ్గర కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ వారి చిన్న విమానం గాల్లోనే విరిగిపోయింది. 14 మంది చనిపోయారు. ముందు రాత్రి తోక రెక్క అంచు మీద మంచు తొలగించే రబ్బరు తొడుగు మార్చే పని పెట్టుకున్నారు. సాయంత్రం షిఫ్టు ఎడమవైపు పైభాగంలో 47 స్క్రూలు తీసింది. షిఫ్టు మారింది. తీశారన్న సంగతి తర్వాతివాళ్ళకు చేరలేదు. విమానం ఆ స్క్రూలు లేకుండానే బయటికొచ్చింది. ఎవరి సంతకం కిందా లేని పని అది. జాతీయ రవాణా భద్రతా బోర్డు సభ్యుడు జాన్ లాబర్, మెకానిక్కుల తప్పు దగ్గరే ఆగిపోకూడదని, ఆ సంస్థ యాజమాన్యం భద్రతను ప్రోత్సహించే సంస్కృతిని నిలబెట్టకపోవడాన్ని కారణంగా చూపాలని విడిగా భిన్నాభిప్రాయం రాశాడు.

ఇంకో రకం పొరపాటు కూడా ఉంది. 1983 మే 5న మయామి నుంచి నసావు వెళ్తున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ట్రైస్టార్‌లో మూడు ఇంజన్లకూ నూనె కారిపోయింది. మూడింటిలోనూ ఒకే చిన్న భాగాన్ని ఒకే రాత్రి మార్చారు, మూడింటికీ రబ్బరు ఓ-రింగు వేయడం మరిచారు. 172 మందితో ఒక్క ఇంజను మీద తిరిగి మయామిలో దిగారు. 1995 ఫిబ్రవరి 23న బ్రిటిష్ మిడ్‌లాండ్ బోయింగ్ 737లో రెండు ఇంజన్లనూ రాత్రి లోపలి నుంచి పరీక్షించి, రెండింటికీ మూతలు తిరిగి బిగించలేదు. పని మొదలుపెట్టిన వ్యక్తి ఒకరు, నోటిమాటగా అప్పగింత తీసుకుని ముగించిన వ్యక్తి ఇంకొకరు. తర్వాత ఇంజను ఆన్ చేసి చూసే పరీక్ష చేయలేదు. లూటన్‌లో అత్యవసరంగా దిగారు.

ఒక విమానానికి రెండు ఇంజన్లు పెట్టేది ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని. ఒకే మనిషి ఒకే రాత్రి రెండింటిమీదా ఒకే పని చేస్తే ఆ రెండో ఇంజను ఇచ్చే ధైర్యం కాగితం మీదే మిగులుతుంది. అందుకే ఇప్పుడు అలాంటి పనులను వేర్వేరు మనుషులకో, వేర్వేరు రోజులకో పంచుతారు. తప్పనిసరై ఒక్కరే చేస్తే విడిగా తనిఖీ జరగాలి. విమానం దిశను మళ్ళించే కంట్రోళ్ళు విప్పి బిగిస్తే, బిగించిన చేతులు ఒకరివైతే చూసే కళ్ళు ఇంకొకరివి ఉండాలి. ఆ రెండోవాళ్ళు మొదటివాళ్ళ మాట మీద సంతకం పెట్టకూడదు. స్టిక్కును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కదిపించి, అవతల రెక్క మీద పలక సరైన వైపుకే తిరుగుతోందా అని స్వయంగా చూడాలి, లాకింగ్ వైరు పడిందా అని చూడాలి. షిఫ్టు అప్పగింత రాతపూర్వకంగా జరగాలి. పూర్తి కాని పనిని ఎక్కడ ఆపారో అడుగడుగునా రాయాలి.

కెనడాలో గోర్డన్ డూపాంట్ 1993లో మెకానిక్కులను తప్పుదోవ పట్టించే పన్నెండు కారణాలను ‘డర్టీ డజన్’ పేరుతో ఒక చోట చేర్చాడు. అలసట, ఒత్తిడి, సమాచారం అందకపోవడం, అలవాటు పడిపోయి ఏమరుపాటు, ‘ఇక్కడ అందరూ ఇలాగే చేస్తారు’ అనే ధోరణి వాటిలో కొన్ని. వాటి పోస్టర్లు నేడు ప్రపంచమంతా హ్యాంగర్ గోడల మీద కనిపిస్తాయి. 2000 దశకం మొదట్లో ఐరోపా నిబంధనలు ఈ మానవ కారకాల శిక్షణను తప్పనిసరి చేశాయి.

ఈలోగా సంతకం స్వరూపం కూడా మారింది. ఇంతకుముందు లైసెన్సుదారు సొంత హోదాలో పెట్టేవాడు. ఐరోపా ఉమ్మడి నియమాలతో అది అనుమతి పొందిన సంస్థ తరఫున పెట్టే సంతకమైంది. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా 2010 దశకంలో పాత అక్షరాలను పక్కనపెట్టి ఆ దారిలోకే వచ్చింది. ఇప్పుడు బీ1 అంటే ఒడలు, ఇంజను వైపు. బీ2 అంటే ఏవియానిక్స్. సీ అంటే హ్యాంగరులో పెద్ద చెక్ పూర్తయ్యాక మొత్తం విమానాన్ని వదిలేవాడు. ఆ సీ ఇంజినీరు ప్రతి నట్టునూ ముట్టుకోడు. వేల టాస్క్ కార్డులమీద బీ1, బీ2 సిబ్బంది సంతకాలు పడ్డాయా, తెరిచినవన్నీ మూశారా, మిగిలిపోయినవి ఏవైనా ఉంటే చట్టబద్ధంగా వాయిదా పడ్డాయా అని చూసి చివరి సంతకం పెడతాడు. శంషాబాద్‌లోని జీఎంఆర్ ఏరో టెక్నిక్ హ్యాంగర్లలో పెద్ద చెక్‌కు వచ్చిన విమానాలు అలాంటి సంతకంతోనే బయటికొస్తాయి.

ఈ మార్పు మంచిదే. పనిముట్టుకు క్యాలిబ్రేషన్ లేకపోతే, లేబులు వెలిసిపోతే, మనుషుల్ని సరిపడా ఇవ్వకపోతే ఇప్పుడు సంస్థ కూడా బోనెక్కాలి. నా భయమల్లా ఒక్కటే. పేజీ మీద సంతకాలు పెరిగేకొద్దీ, ముందరివాళ్ళు చూసే ఉంటారులే అని వెనకవాళ్ళూ, వెనకవాళ్ళు చూస్తారులే అని ముందరివాళ్ళూ అనుకునే అవకాశం పెరుగుతుంది. దానికి విరుగుడు ఇంకో సంతకం జోడించడంలో లేదు. పెట్టను అని చెప్పగలిగే స్థితిని కాపాడడంలో ఉంది. 1919లో ఎయిర్ మినిస్ట్రీ ఆ మెకానిక్కు చేతికి ఇచ్చిన అసలు అధికారం అదే. విమాన భద్రతకు ప్రమాదమని తెలిసిన లోపం ఏదైనా ఉంటే రిలీజ్ ఇవ్వకూడదని నేటి నిబంధనా స్పష్టంగానే చెబుతోంది.

సాంకేతిక కారణాల వల్ల ఆలస్యం అని విమానాశ్రయంలో విన్నప్పుడు మనం విసుక్కుంటాం. చాలాసార్లు దాని వెనక ఉండేది ఒక ఇంజినీరు, ఎదురుగా ఒక లోపం, చేతిలో ఎంఈఎల్ అనే పుస్తకం. ఏది పనిచేయకపోయినా ఏ షరతులమీద ఎగరవచ్చో అందులో ఉంటుంది. బీ తరగతి లోపమైతే మూడు రోజుల్లో, సీ అయితే పది రోజుల్లో, డీ అయితే 120 రోజుల్లో బాగుచేయాలి. ఆ పుస్తకంలో చోటులేని లోపమైతే విమానం కదలదు. కంట్రోల్ రూము నుంచి ఫోన్లు మోగుతుంటాయి, గేటు దగ్గర జనం నిలబడి ఉంటారు, ఫోను అవతలి గొంతు ఎంత మర్యాదగా ఉన్నా అడిగేది ఎంతసేపని.

అలాంటప్పుడు ఇంజినీరు సంతకం పెట్టనంటే, సంస్థ తానిచ్చిన ఆథరైజేషన్‌ను వెనక్కి తీసుకోగలదు. డీజీసీఏ ఇచ్చిన లైసెన్సును తీసుకోలేదు. ఇంకో ఇంజినీరును పిలిపించవచ్చు, ఆయన కూడా అదే టెక్ లాగ్ తెరవాలి. అందుకే అనుభవమున్న ఏఎంఈలు కొత్తవాళ్ళకు ఒకటే చెబుతారు: నచ్చనిది కనిపిస్తే నోటితో చెప్పి ఊరుకోవద్దు, స్నాగ్‌గా రాయమని. ఒకసారి ఆ పేజీలోకి ఎక్కిన లోపాన్ని బాగుచేయాలి, లేదా ఎంఈఎల్ ప్రకారం వాయిదా వేయాలి. రెండింట్లో ఏది చేసినా కింద ఎవరో ఒకరు తన పేరు రాయాల్సిందే.